వచ్చిన వరస

ఆ ఊళ్ళో మెరక ఎవరిదో తేల్చడానికి రికార్డులు అక్కర్లేదు. గోదావరి పొంగిన రోజున ఎవరింట పొయ్యి వెలిగిందో చూస్తే చాలు. 1986 ఆగస్టులో వశిష్ఠ పాయ గట్టు తెగినప్పుడు తాటిపర్తిలంకలో పొయ్యిలు వెలిగింది మెరకవీధిలోనే. పల్లంలో ఉన్న పేట మొత్తం పిల్లల్నీ మేకల్నీ భుజాన వేసుకుని ఏటిగట్టు ఎక్కింది. వరదను దేవుడు పంపాడని ప్రార్థనలో చెప్పుకోవచ్చు. పేటను పల్లంలో పెట్టింది మాత్రం మనుషులు.

హన్నా ఆ పేటలోనే పుట్టింది. తల్లి దీనమ్మ కొబ్బరి పీచుతో తాడు పేనేది. తండ్రి కొబ్బరి దింపు తీసేవాడు. ఒక వానాకాలం చెట్టు మీంచి జారిపడి మళ్ళీ లేవలేదు. అప్పటికి హన్నాకు ఊహ తెలియదు, అన్న జోజికి తెలుసు. ఊహ తెలిసినవాడు పలక పక్కన పెట్టి తల్లితో పాటు పీచు కోసం కొబ్బరి డొక్కలు బాదాడు. తెలియనిది బడికి వెళ్ళింది. రాజోలులో మిషను హాస్టలు, అమలాపురంలో డిగ్రీ, ఆ పైన బి.ఎడ్., 1979లో ఊరికి నాలుగు మైళ్ళ దూరాన ఉన్న ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరు ఉద్యోగం. ఆమె జీవితం చెప్పడానికి ఒక వాక్యం సరిపోతుంది. ఆ వాక్యంలో ఒక్కొక్క మాటకూ జోజి అరచేతిలో ఒక్కొక్క కాయ కాసింది.

లెక్కల్లో ఆమెకు నచ్చిన గుణం ఒకటే: జవాబు ఎవరి నోట వచ్చిందన్నదానితో వాటికి నిమిత్తం లేదు. కాలేజీలో ఒక లెక్చరరు ఆమె చేసిన లెక్కను తరగతికంతటికీ చూపించి, ఏ ఊరని, ఊళ్ళో ఎక్కడని అడిగి, చెప్పగానే "ఓహో, పేటలోనా" అన్నాడు. ఆ "ఓహో" తరువాత కూడా బోర్డు మీద ఆమె జవాబు సరిగానే ఉంది. ఆ సంగతి హన్నా మరచిపోలేదు.

వరదకు ముందు సంవత్సరం ఆ బడికి ఒక కంప్యూటరు వచ్చింది. ఒక టీవీ పెట్టె, దాని ముందు టైపు మిషను మీటల వంటి పలక, రాసినది దాచుకోవడానికి ఒక టేపు రికార్డరు. హెడ్మాస్టరు వరప్రసాదంగారు దాని మీద తన పట్టు కండువా కప్పి గదికి తాళం వేశారు.

"పాడైతే సంతకం పెట్టినవాడి మెడకి చుట్టుకుంటుందండీ," అన్నారాయన మాస్టర్ల గదిలో. "నాకు రిటైర్మెంటు దగ్గర పడింది. కాకినాడ ట్రైనింగుకి ఎవరెళ్తారు?"

మాస్టర్లు హాజరు పుస్తకాల్లోకి తలలు దించారు. ఆయన హన్నా వైపు తిరిగారు. "ఏవమ్మా హన్నా, మీరెళ్తారా?"

"ఆయ్, వెళ్తానండి."

"సంతకం కూడా మీదేనండి మరి."

"నాదేనండి."

అలా ఆ తాళంచెవి ఆమె చేతికి వచ్చింది. బేసిక్ అనే భాషలో ఆ యంత్రానికి పని చెప్పడం నేర్చుకుంది. పిల్లలు దాన్ని టీచరుగారి టీవీ అనేవారు. దాంట్లో సినిమా రాదని తెలిశాక కొందరు నిరాశపడి కబడ్డీకి వెళ్ళిపోయారు.

వరద తీశాక ప్రభుత్వం మెరకలో ఒక కొబ్బరితోట కొని నలభై ఇళ్ళ స్థలాలుగా విడగొట్టింది. అర్జీలు అరవై దాటాయి. స్థలాలు ఇచ్చే పద్ధతి ఉత్తర్వులో స్పష్టంగా ఉంది: ముందు వచ్చిన అర్జీకి ముందు. వరద రోజుల్లోనే గట్టు మీద టార్పాలిన్ కింద కూర్చుని అర్జీలు తీసుకున్నది మండల కార్యాలయం గుమాస్తా సుందరరావు. కొట్టివేతలతో, ఇరికింపులతో ఆ జాబితా చూడడానికే కష్టంగా ఉండేది. పై అధికారులు తనిఖీకి వస్తారని తెలిసి, కొత్తగా వచ్చిన ఎమ్మార్వో దాన్ని హెడ్మాస్టరుకు పంపాడు. కంప్యూటరులోకి ఎక్కించి పెట్టండి, ఎవరూ వేలు పెట్టి చూపించలేని జాబితా కావాలి అని ఆయన కోరిక.

సుందరరావు జాబితాలో నలభయ్యో పేరు జోజిది. అతని భార్య, ఇద్దరు పిల్లలు, దీనమ్మ ఆ ఒక్క అంకె మీద ఆనుకుని ఉన్నారు. నలభై అయితే మెరక, నలభై ఒకటి అయితే మళ్ళీ పల్లం.

హన్నా పని మొదలుపెట్టింది. ట్రైనింగులో ఇచ్చిన పుస్తకంలో పేర్లను ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్చే పాఠం ఉంది. ఆ ప్రకారం పేరిస్తే అప్పలస్వామి మొదటివాడవుతాడు. అప్పలస్వామి అర్జీ ఇచ్చింది ఆఖరి రోజున. అక్షరం ముందుండడం హక్కు కాదు కనుక ఆ పాఠాన్ని పక్కన పెట్టింది.

ఆమెకు కావలసినవి రెండు. బియ్యం కార్డు నెంబరు చెప్పగానే ఆ కుటుంబం వివరం తెర మీదికి రావాలి. మొత్తం చదవమంటే, వచ్చిన వరసలో చదవాలి. మొదటిదానికి ఉపాయం దొరికింది. యంత్రంలో నూటొక్క పెట్టెలు ఏర్పాటు చేసింది. కార్డు నెంబరును నూటొకటితో భాగిస్తే మిగిలే శేషం ఎంతో, ఆ నెంబరు పెట్టెలో ఆ కుటుంబాన్ని కూర్చోబెట్టింది. అందులో ఎవరైనా ఉంటే పక్క పెట్టె. ఇక వెతకడానికి వీధి వీధంతా తలుపు తట్టనక్కర్లేదు. ఒక్కసారి భాగిస్తే ఇల్లు తెలుస్తుంది.

కాని ఈ ఉపాయం రెండోదాన్ని చెడగొట్టింది. పెట్టెలను ఆ కొస నుంచి ఈ కొసకు చదివితే, గట్టు మీద అందరికన్నా ముందు నిలుచున్నవాడు ఎక్కడో అడుగున తేలాడు. వేగం వచ్చింది, వరస పోయింది. మన కార్యాలయాల తీరే ఇంతలే అనుకుని ఆ రోజుకు తాళం వేసింది.

మర్నాడు ఆదివారం. ఆరాధనలో ముందు బెంచీ ఆడవాళ్ళ వీపులు చూస్తూ కూర్చున్నప్పుడు ఆలోచన వచ్చింది. ఎవరు ఎక్కడ కూర్చున్నా ఫరవాలేదు. తనకంటే ముందు ఎవరు వచ్చారో, తన తరువాత ఎవరు వచ్చారో ప్రతివారికీ తెలిస్తే చాలు. ప్రసంగం అయ్యేదాకా కూర్చోవడం ఆమెకు కష్టమైంది. బడికి వెళ్ళి, ప్రతి పెట్టెలోనూ ఇంకో రెండు అంకెలకు చోటు చేసింది: నాకు ముందు వచ్చినవారి పెట్టె ఏది, నా తరువాత వచ్చినవారి పెట్టె ఏది. మొట్టమొదట వచ్చినవారి పెట్టెనూ, చిట్టచివర వచ్చినవారి పెట్టెనూ విడిగా గుర్తు పెట్టింది. ఇక చదవమంది.

యంత్రం యాభై మూడో పెట్టె నుంచి ఏడో పెట్టెకు, ఏడు నుంచి తొంభైకి, తొంభై నుంచి రెండుకు దూకుతోంది. ఆ దూకుళ్ళు లోపల. తెర మీద మాత్రం పేర్లు ఆ రోజు గట్టు మీద తడిబట్టలతో నిలుచున్న వరసలోనే, ఒకరి వెనుక ఒకరుగా దిగి వస్తున్నాయి. హన్నాకు ఒళ్ళు జలదరించింది. లేచి నిలబడింది, ఎందుకో ఆమెకే తెలియదు. మనుషులు ఎక్కడెక్కడికి చెదిరిపోయినా, ఎవరు ముందు వచ్చారన్న నిజం ఆ చెదురులోనే చెక్కుచెదరకుండా ఉంది. రెండు చిన్న అంకెలు దాన్ని మోస్తున్నాయి. ప్రార్థన తరువాత కూడా ఇంత నిశ్శబ్దం తనలో ఎప్పుడూ కలగలేదని ఆమె తరువాత చెప్పేది.

ఆ ఆనందం రెండు రోజులు నిలిచింది. ఎనిమిదో అర్జీదారు వీరన్న రాజమండ్రిలో మేస్త్రీ పని దొరికి, స్థలం వద్దని రాసిచ్చి వెళ్ళిపోయాడని అప్పుడు తెలిసింది. సుందరరావు అతన్ని తన లెక్కలోంచి ముందే తీసేశాడు, అర్జీ కాగితం మాత్రం కట్టలో ఉండిపోయింది. హన్నా అతని పెట్టె ఖాళీ చేసింది. మళ్ళీ చదవమంటే యంత్రం ఏడు పేర్లు చదివి ఊరుకుంది. ఎనిమిదో చోట ఖాళీ, ఆ తరువాత ఎవరూ లేరు. జోజి లేడు, పేట లేదు.

తెర వంక చూస్తూ ఆమె గట్టిగా నవ్వింది. ఆ తప్పు ఆమెకు బాగా తెలిసినది. పేటలో ఆడవాళ్ళు కొబ్బరి డొక్కలను వలమూటలుగా కట్టి నెలల తరబడి కాలువ పాయలో నానబెట్టేవారు. నీటి వాలుకు కొట్టుకుపోకుండా ఒక మూటను ముందు మూటకూ వెనుక మూటకూ తాడుతో కట్టి, మొదటి కొసను ఒడ్డున గుంజకు బిగించేవారు. ముందు వేసినది ముందు నానుతుంది, ముందు తీయాలి. ఎవరికైనా అవసరం పడి మధ్య మూట తీయవలసి వస్తే, ముందు దాని ఇరుపక్కల మూటల తాళ్ళూ ఒకదానికొకటి ముడి వేసి, ఆ తరువాతే మధ్యది విప్పాలి. జోజి కుర్రతనంలో ఒకసారి ముడి వేయకుండా విప్పాడు. వెనుక ఉన్న మూటలన్నీ బాతుపిల్లల్లా వరసగా గోదారిలోకి పోయాయి. పేట ఆడవాళ్ళు వారం రోజులు వాడిని మాటలతోనే డొక్కలు బాదినట్టు బాదారు.

హన్నా కూర్చుని ముడి వేసింది. ఏడో వారికి తరువాత తొమ్మిదోవారనీ, తొమ్మిదోవారికి ముందు ఏడోవారనీ రాసి, అప్పుడు వీరన్నను వదిలింది. పేర్లన్నీ తిరిగి వచ్చాయి. గోదారిలోకి పోయిన మూటలు ఎప్పుడూ తిరిగి రాలేదు. యంత్రంలో వచ్చాయి.

చివరి అర్జీలు ఎక్కిస్తున్నప్పుడు జరిగింది అసలు సంగతి. సుందరరావు జాబితాలో అందరికన్నా కింద కాంతమ్మ పేరుంది. ఆమె భర్త ఏసుదాసు గట్టు మీద మొదటి రోజు పొద్దున్నే అర్జీ ఇచ్చాడు. వరద తీశాక జ్వరం వచ్చి చనిపోయాడు. గుమాస్తా అతని పేరు కొట్టేసి, కాంతమ్మ చేత కొత్త అర్జీ పెట్టించి, అడుగున రాసుకున్నాడు. ఏసుదాసు పేరు కొట్టివేసినందువల్లే నలభై ఒకటిలో ఉన్న జోజి నలభైకి ఎక్కాడు.

హన్నా మొదట ఏసుదాసు అర్జీ ఎక్కించింది, ఎందుకంటే కాగితం అక్కడ ఉంది. చివర కాంతమ్మది ఎక్కించింది. రెండింటి మీదా కార్డు నెంబరు ఒక్కటే. జాబితా చదవమంటే అడుగున కాంతమ్మ లేదు. పైకి వెళ్ళి చూస్తే పన్నెండో చోట, ఏసుదాసు ఉన్నచోట, కాంతమ్మ పేరు ఉంది.

తప్పు జరిగిందనుకుని ఆమె ప్రతి వాక్యమూ తిరిగి చదివింది. తప్పు లేదు. ఆమె రాసిన నియమమే అది: కార్డు నెంబరు కొత్తదైతే తాడు చివర కట్టు, ఉన్నదే అయితే పెట్టెలోని వివరం మార్చు, పెట్టెను కదపకు. యంత్రానికి భర్త తెలియదు, భార్య తెలియదు. ఒక కుటుంబం ఉంది, అది ముందే వచ్చింది, ఇప్పుడు దాని తరఫున మాట్లాడే మనిషి మారింది. అంతే. వారసత్వం గురించి ఎన్ని కోర్టులు ఎన్ని పేజీలు రాశాయో, ఆ పేజీల సారాన్ని ఒక యంత్రం ఏ ఘనతా చెప్పుకోకుండా చేసి కూర్చుంది. ఏళ్ళ తరబడి ఈ జిల్లాలో ఎందరు విధవలు, భర్త చనిపోయిన నేరానికి, వరస చివరికి నడిచి వెళ్ళి నిలుచున్నారో!

హన్నాకు మళ్ళీ ఒళ్ళు జలదరించింది. ఈసారి అందులో భయం కూడా ఉంది. కిందికి చూసింది. నలభయ్యో చోట వేరే పేరు. నలభై ఒకటి, జోజి.

సాయంత్రం పేటకు వెళ్ళి చెప్పింది. బురద గోడలు ఇంకా ఆరలేదు. జోజి గుమ్మంలో కూర్చుని తాడు పేనుతున్నాడు.

"అయితే నీ టీవీ నన్ను దింపేసిందన్నమాట," అన్నాడు.

"టీవీ కాదు అన్నయ్యా. నేనే."

దీనమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పింది. "నువ్వు రాసిందే కదా? ఇంకోలా రాయి."

"రాయొచ్చమ్మా. రెండు వాక్యాలు మారిస్తే చాలు. పాతది తీసేసి కొత్తగా కట్టమంటే కాంతమ్మ పిన్ని కిందికి పోతుంది."

"మరి రాయవేం? సుందరరావుగారు అలాగే రాసేరు కదా. నువ్వేం కొత్తగా పాపం చెయ్యక్కర్లేదు. ఆయన చేసింది ఉండనీ."

"అమ్మా, మధ్య మూట తీసి చివర కడితే ఊరుకునేదానివా నువ్వు?"

"మూటలకి మనవలుండరు," అంది దీనమ్మ. "నాకున్నారు. నిన్ను చదివించింది ఆ కాంతమ్మ కాదు, ఈడు." గరిటె జోజి వైపు చూపించి మళ్ళీ పొయ్యి వైపు తిరిగిపోయింది.

జోజి పేనుతున్న తాడు ఆపాడు.

"ఏసుదాసు ఆ పొద్దున మోకాటి లోతు నీళ్ళలో నుంచున్నాడు," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. "నేను మేకని ఎక్కించి మధ్యాహ్నం వచ్చేను. వచ్చేసరికి ఆడెప్పుడో ఇచ్చేసి గట్టు మీద కూర్చున్నాడు. బీడీ ఇచ్చేడు నాకు." తాడు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "నీ ఇష్టమమ్మా. నన్ను మాత్రం అడక్కు. అడిగితే మార్చమంటాను," అన్నాడు.

హన్నా అడగలేదు.

గ్రామసభ బడి వరండాలో జరిగింది. కంప్యూటరును గుమ్మం దాకా జరిపి, జనం కిటికీల్లోంచి చూసేలా పెట్టారు. ఎమ్మార్వో కుర్చీలో, సుందరరావు పక్కన స్టూలు మీద. హన్నా జాబితా చదివించింది. పన్నెండో పేరు రాగానే సుందరరావు లేచాడు.

"ఇది తప్పండీ. ఆవిడ అర్జీ చివర్న వచ్చిందండి. చనిపోయినాయన అర్జీ ఇంకా బతికుంటుందాండీ?"

"అర్జీలో ఏం రాసుందండీ?" అని అడిగింది హన్నా.

"ఇంటి స్థలం ఇప్పించమని."

"ఎవరికండీ?"

సుందరరావు కాగితం తీసి చూశాడు. "నా కుటుంబానికి అని ఉందండి."

"ఆ కుటుంబం బతికే ఉందండి. అదిగో, కూర్చుంది." కాంతమ్మ ముగ్గురు పిల్లలతో స్తంభం పక్కన కూర్చుని ఉంది. అందరూ తన వైపు చూడగానే తప్పు చేసినదానిలా కొంగు సర్దుకుంది.

ఎమ్మార్వో ముందుకు వంగాడు. "కంప్యూటరు అలా చెబుతోందామ్మా?"

"కంప్యూటరు ఏమీ చెప్పదండి. నేను రాసిందే చేస్తుంది. రెండు పద్ధతులూ రాయొచ్చు. చనిపోయినవారి చోటు కుటుంబానికే ఉంచమంటే ఇలా ఉంటుందండి. భర్త పోయినావిడని వరస చివరికి పంపమంటే అలా కూడా చేస్తానండి, ఇప్పుడే, మీ ముందే. కాకపోతే ఆ నియమం నా అంతట నేను పెట్టలేనండి. అలా చెయ్యమని మీరొక కాగితం మీద రాసి సంతకం పెట్టాలి."

ఎమ్మార్వో చేతిలో పెన్ను ఉంది. అందరూ ఆ పెన్ను వైపే చూస్తున్నారు. ఆ నియమం ఎన్నో ఏళ్ళుగా అమలులో ఉంది. ఎవరూ రాయలేదు, ఎవరూ సంతకం పెట్టలేదు, కనుక ఎవరూ బాధ్యులు కారు. మొదటిసారి దానికి వాక్యరూపం ఇమ్మని ఒకరు అడిగారు. వాక్యమయ్యేసరికి దాని ముఖం బయటపడింది.

"ఇన్నాళ్ళూ ఎవరూ రాయమన్లేదండీ," అన్నాడు సుందరరావు, చిన్నగా. అతను చెడ్డవాడు కాడు. తనకు ముందున్న గుమాస్తా కొట్టేసి కింద రాసేవాడు, ఇతనూ అదే చేశాడు.

"పెన్నులో సిరా లేదేమోనండీ," అన్నారు వెనుక నుంచి ఎవరో. కిటికీ దగ్గర నవ్వులు.

ఎమ్మార్వో పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "ఇలాగే ఉంచండి," అన్నాడు. "నలభై దాకా చదవండమ్మా."

హన్నా చదివించింది. తన కుటుంబానికి సంబంధించిన అంకె కనుక గొంతు మారకూడదని తెర మీదికి వచ్చిన ప్రతి పేరూ ఒకే తీరుగా పైకి చదివింది. నలభయ్యో పేరు దగ్గర ఆగింది. జోజి గోడకు ఆనుకుని నిలుచున్నాడు. దీనమ్మ రాలేదు.

పట్టాలు ఇచ్చారు. కాంతమ్మ వేలిముద్ర వేసింది. ఎమ్మార్వో జీపు వెళ్ళిపోయింది. జనం పల్చబడ్డాక హన్నా రికార్డరులో టేపు పెట్టి, రాసినదంతా అందులోకి ఎక్కిస్తోంది. అది కీచుమంటూ తిరుగుతోంది. జోజి చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు. ఆ గదిలోకి అతను రావడం అదే మొదలు.

"నాదేది, చూపించు."

ఆమె టేపు పూర్తయ్యేదాకా ఆగి, కార్డు నెంబరు నొక్కింది. రెప్పపాటులో పేరు వచ్చింది. జోజి వేలు తెరకు తగలకుండా దగ్గరగా పెట్టి, అక్షరాలు కూడబలుక్కున్నాడు. ఇంగ్లీషులో ఉన్నా తన పేరు అతను పోల్చుకోగలడు.

"నా ముందెవరు?"

"స్థలాలొచ్చిన వాళ్ళంతా వరసలోంచి వెళ్ళిపోయేరు అన్నయ్యా. మిగిలిన వరసలో నీ ముందు ఎవరూ లేరు. ఇంకో తోట కొంటే మొదటిది నీదే."

"కొంటారా?"

"తెలీదు. అడుగుదాం. ఊరుకోను."

జోజి చాలాసేపు ఆ పేరునే చూశాడు. పల్లంలో పుట్టి, పల్లంలో మునిగి, మళ్ళీ పల్లానికే పోతున్న మనిషి, తన ముందు ఎవరూ లేని చోట తన పేరు చూసుకోవడం అతని జీవితంలో మొదటిసారి. కళ్ళు పెద్దవయ్యాయి. ప్రార్థనలో నిలుచున్నట్టు చేతులు కట్టుకున్నాడు.

"నా వెనక ఎవరున్నారు?"

హన్నా చదివింది. ఏటి ఒడ్డు పడవల సత్తియ్య, అతని తరువాత నూకాలమ్మ, ఆ తరువాత గంగాదేవి, ఇంకా కిందికి, అప్పలస్వామి దాకా.

"ఈళ్ళకి తెలుసా, ఎవరి ఎనకాల ఎవరో?"

"తెలీదు. ఎవరూ చెప్పలేదు."

"అదేంటమ్మా. వరస నీ పెట్టెలో ఉంటే ఈళ్ళకేం లాభం? రేపు సుందరరావుగారు మళ్ళీ ఎవర్నో కొట్టేస్తే, కొట్టేసేరని ఈళ్ళకెలా తెలుస్తుంది?" అన్నాడు జోజి. "మళ్ళీ చదువు. నెమ్మదిగా. సత్తియ్య, ఎనకాల నూకాలమ్మ..."

ఆమె చదువుతుంటే అతను వెంట చెప్పుకున్నాడు. రెండోసారి ఒక పేరు తప్పాడు, మూడోసారి తప్పలేదు. తరువాత చెప్పులు వేసుకుని, ఇంటివైపు కాక ఏటి ఒడ్డువైపు, సత్తియ్య పడవ ఉండే రేవుకు నడిచాడు.